పాస్‌పోర్టు ఆఫీసుకి ఎన్ని బండ్లు మారాలి?



2025 సెప్టెంబరులో హైదరాబాద్‌లో రెండు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు చోటు మారాయి. అమీర్‌పేటలో ఉన్నదాన్ని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గరి మెట్రో స్టేషన్‌లోకి తెచ్చారు. టోలిచౌకిలో ఉన్నదాన్ని రాయదుర్గానికి తీసుకుపోయారు. బేగంపేటది ఉన్నచోటే ఉంది. పేపర్లలో ఇది లోపలి పేజీ వార్త. పాస్‌పోర్టు పని ఉన్నవాళ్ళు చదివి ఉంటారు, మిగతావాళ్ళు పేజీ తిప్పేసి ఉంటారు. నేను తార్నాకవాణ్ణి కాబట్టి మా వైపుకి ఏమన్నా వచ్చిందా అని చూసుకున్నాను. రాలేదు. సికింద్రాబాద్ దాటి తూర్పుకొస్తే తార్నాక, హబ్సిగూడ, నాచారం, ఉప్పల్, మల్కాజిగిరి, ఈసీఐఎల్... ఇంత జనం ఉన్న వైపు ఒక్కటీ లేదు.

ప్రతి పేటకీ ఒక పాస్‌పోర్టు ఆఫీసు కావాలంటే అది అయ్యే పని కాదు, నాకు తెలుసు. నేను అడిగేది వేరే. ఒక ప్రభుత్వ ఆఫీసు ఎక్కడ పెట్టాలో దేన్ని బట్టి తేలుస్తారు? ఖాళీ బిల్డింగు దొరికిన చోటా? అద్దె తక్కువైన చోటా? మ్యాపు మీద వృత్తం గీసి, మధ్యలో చుక్క పెట్టా? నన్నడిగితే, ఆ ఆఫీసుకి అందరికంటే కష్టపడి వచ్చే మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి ఎన్ని బండ్లు మారాలి, దిగాక ఎన్ని మెట్లు ఎక్కాలి. ఈ రెండూ లెక్కేస్తే చాలు, చోటు మంచిదో కాదో తేలిపోతుంది.

పాస్‌పోర్టుల చట్టం 1967 జూన్ 24న వచ్చింది. ఏటా ఆ తేదీన పాస్‌పోర్టు సేవా దినం జరుపుతారు. చట్టం వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు పాస్‌పోర్టు అంటే మన ఉమ్మడి రాష్ట్రంలో సికింద్రాబాద్ ఆఫీసే. విశాఖలో ఆఫీసు రాకముందు ఉత్తరాంధ్ర వాళ్ళ కాగితాలు కూడా ఇక్కడికే చేరేవి. అయితే ఒక సంగతి గమనించండి. అప్పుడు ప్రయాణం చేసింది ఎక్కువగా కాగితమే. ఫారం నింపి, ఫొటోలు అంటించి, సంతకం పెట్టి ఇస్తే దాని దారిన అది పోయేది. 2001లో ఈ-సేవ కేంద్రాలు మొదలైనప్పుడు కరెంటు బిల్లు, నల్లా బిల్లు కట్టే చోటే పాస్‌పోర్టు దరఖాస్తులు కూడా తీసుకున్నారు. అంటే ఇంటి పక్కనే పని మొదలయ్యేది. ఎప్పుడు ముగిసేదన్నది వేరే కథ, దాని జోలికి పోవద్దు.

2008లో విదేశాంగ శాఖ టీసీఎస్‌తో ఒప్పందం చేసుకుని పాస్‌పోర్టు సేవా ప్రాజెక్టు మొదలుపెట్టింది. 2010లో బెంగళూరు, చండీగఢ్‌లలో ప్రయోగం చేసి, 2012 కల్లా దేశమంతటా 77 కేంద్రాలు తెరిచింది. లోపలికి వెళ్ళినవాళ్ళకి ఏ, బీ, సీ కౌంటర్లు గుర్తుండే ఉంటాయి. ఏ కౌంటర్లో టీసీఎస్ మనుషులు ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుని, కాగితాలు స్కాన్ చేస్తారు. బీ, సీ కౌంటర్లలో ప్రభుత్వ అధికారులు. వాళ్ళు కాగితాలు సరిచూసి, ఇవ్వొచ్చో లేదో తేలుస్తారు. పని చకచకా అయిపోతుంది. పాత రోజులు చూసినవాళ్ళు దీన్ని మెచ్చుకోకుండా ఉండలేరు.

కానీ ఈ పద్ధతితో ఒకటి మారింది. వేలిముద్రలు పోస్టులో పంపలేం కదా. మనిషే రావాలి. పసిపిల్లయినా, డెబ్భై అయిదేళ్ళ ముసలావిడయినా రావాలి. కాగితం వచ్చినంత కాలం ఆఫీసు ఎక్కడున్నా పెద్ద తేడా పడలేదు. మనిషి రావాల్సి వచ్చేసరికి ఆఫీసు ఉన్న చోటు ముఖ్యమైపోయింది. అయినా చోటు ఎంచుకోవడం మీద ఆ తర్వాత పెట్టిన బుర్ర, కౌంటర్ల మీద పెట్టిన దానిలో సగం కూడా లేదనిపిస్తుంది నాకు.

2017లో కొంత కదలిక వచ్చింది. పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు కేంద్రాలు పెట్టాలని విదేశాంగ శాఖ, తపాలా శాఖ కలిసి నిర్ణయించాయి. ఆ ఏడాది జనవరి 25న మైసూరులో, గుజరాత్‌లోని దాహోద్‌లో మొదటి రెండూ తెరిచారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్, పాస్‌పోర్టు కోసం ఎవరూ 50 కిలోమీటర్లకు మించి వెళ్ళాల్సిన పని ఉండకూడదన్నారు. మన దగ్గర వరంగల్, మహబూబ్‌నగర్, ఖమ్మం లాంటి చోట్ల పోస్టాఫీసు కేంద్రాలు వచ్చాయి. నిజామాబాద్, కరీంనగర్‌లలో అంతకుముందే పెద్ద కేంద్రాలున్నాయి. గల్ఫ్‌కి పోయేవాళ్ళు ఎక్కువగా ఉన్న జిల్లాలు కాబట్టి అక్కడ పెట్టడం సబబే. ఆంధ్రలో విశాఖ, విజయవాడ, తిరుపతితో పాటు భీమవరంలో కూడా సేవా కేంద్రం ఉంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్ళేవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఆ ఎంపిక కూడా వింతగా తోచదు. 2025 నాటికి దేశంలో పోస్టాఫీసు కేంద్రాలు 450కి చేరాయి. ఇది చిన్న విషయం కాదు.

జిల్లాల్లో ఈ 50 కిలోమీటర్ల లెక్క మంచిదే. నగరానికి వస్తే మాత్రం అది పనికిరాదు. తార్నాక చౌరస్తాలో నిలబడి 50 కిలోమీటర్ల వృత్తం గీయండి. హైదరాబాద్ మొత్తం అందులో పడుతుంది, భువనగిరి కూడా పడుతుంది. ఆ లెక్కన మాకు ఏ లోటూ లేదు, మూడు కేంద్రాలూ గుమ్మంలోనే ఉన్నట్టు. కానీ ఘట్‌కేసర్ నుంచి పాత టోలిచౌకి కేంద్రానికి పొద్దున తొమ్మిదింటికి చేరాలని బయల్దేరిన మనిషిని అడగండి. దేవరకొండ నుంచి తొలి బస్సెక్కినవాడు నగరం పొలిమేర దాకా ఎంతసేపట్లో వచ్చాడు, పొలిమేర నుంచి ఆఫీసు గేటు దాకా ఎంతసేపట్లో వచ్చాడు? రెండోదే ఎక్కువైన రోజులు ఉంటాయి. నగరంలో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే అధికారులకి సుఖం. కొలవాల్సింది మాత్రం మారే బండ్లలో.

ఉస్మానియా క్యాంపస్ నుంచే కొలిచి చూద్దాం. ఆ క్యాంపస్‌లో పాస్‌పోర్టు అవసరం ఎవరికి అని అడిగేవాళ్ళుంటారు. ఎవరికి లేదు? విదేశాల్లో ఎంఎస్ చేద్దామనుకునే పిల్లలకి ముందు పాస్‌పోర్టే కావాలి. ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాయాలన్నా పాస్‌పోర్టు చూపించాల్సిందే. పక్కనే ఇఫ్లూ ఉంది, విదేశీ భాషలు నేర్పే యూనివర్సిటీ. జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వరసగా వస్తాయి. సదస్సులకీ శిక్షణలకీ విదేశాలు వెళ్ళే శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు ఈ ఒక్క రోడ్డు మీద ఎంతమందో. ఇక తార్నాక, హబ్సిగూడ స్ట్రీట్ నంబర్లలో రిటైరైన ప్రొఫెసర్లు ఉంటారు, వాళ్ళ పిల్లలు అమెరికాలో ఉంటారు. కూతురికో కోడలికో పురుడు పోయడానికి పెద్దావిడ వెళ్ళాలి. పదేళ్ళకోసారి పాస్‌పోర్టు మార్పించుకోవాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

ముందు హాస్టల్ అమ్మాయి సంగతి చూద్దాం. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉస్మానియాలో పీజీ చేస్తోందనుకోండి. ఒకప్పుడైతే ఫారంలో రాసిన అడ్రసు ఏ పాస్‌పోర్టు ఆఫీసు కిందికి వస్తే అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. 2018 జూన్‌లో ఆ నిబంధన తీసేశారు. దేశంలో ఎవరు ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నారు. నా ఉద్దేశంలో చదువుకునే పిల్లలకి ఈ శాఖ చేసిన పెద్ద మేలు అదే. ఏ కొత్త బిల్డింగూ చెయ్యలేని పని ఒక్క ఉత్తర్వు చేసింది. ఇప్పుడా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఫారం నింపి, 1,500 రూపాయలు కట్టి, హైదరాబాద్‌లోనే స్లాట్ తీసుకోవచ్చు.

స్లాట్ పొద్దున పూట దొరికిందనుకోండి. హాస్టల్ నుంచి తార్నాక మెట్రో దాకా నడవడానికి దూరం. ఆటో మాట్లాడుకోవాలి, లేదా ఎన్‌సీసీ గేటు దగ్గరికొచ్చి బస్సు పట్టుకోవాలి. క్యాంపస్‌ని ఆనుకుని ఎంఎంటీఎస్ స్టేషన్లు రెండున్నాయి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా. ఆ రైళ్ళ వేళలు ఈ అమ్మాయి స్లాటుకి కుదరాలి, అదీ సంగతి. సరే, తార్నాకలో మెట్రో ఎక్కింది. బేగంపేట కేంద్రమైతే మారే పని లేదు, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్స్, పారడైజ్ మీదుగా అదే రైల్లో పోవచ్చు. దిగాక మళ్ళీ రోడ్డు. కేంద్రం టోలిచౌకిలో ఉన్నప్పుడైతే మెట్రోతో పని తీరేది కాదు, ఆ వైపు మెట్రో లేనే లేదు. అమీర్‌పేటలోనో లక్డీకాపూల్‌లోనో దిగి మెహిదీపట్నం మీదుగా బస్సు. అంటే ఆటో, మెట్రో, బస్సు, మళ్ళీ నడక. వెళ్ళడానికి అంత, రావడానికి అంత. ఒక కాగితం మర్చిపోతే ఇదంతా ఇంకో రోజు.

ఇప్పుడు ఎంజీబీఎస్ కేంద్రం చూడండి. తార్నాకలో ఎక్కి మూడో స్టేషన్ పరేడ్ గ్రౌండ్స్‌లో దిగుతారు. అక్కడే పైకెక్కి జేబీఎస్ లైన్ రైలు పడితే సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్, ఆ తర్వాత ఎంజీబీఎస్. అక్కడ రోడ్డు దాటే పనే లేదు. కేంద్రం స్టేషన్లోనే ఉంది. కిలోమీటర్లు చూస్తే బేగంపేట కంటే ఇది ఏమంత దగ్గర కాదు. కానీ ఎండ తగలదు, ఆటోవాడితో బేరం లేదు, లిఫ్టులున్నాయి. మా తూర్పు వైపుకి కొత్త ఆఫీసు రాకపోయినా మేలు జరిగిందంటే అందుకే. కోఠీలోని మహిళా యూనివర్సిటీ అమ్మాయిలకైతే ఇది ఒక్క స్టేషన్ దూరం.

ఇంకో లాభం జిల్లాల వాళ్ళకి. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ బస్సులు వచ్చి ఆగేది ఎంజీబీఎస్‌లోనే. ఊరి బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, ఇంకో బండి ఎక్కకుండానే పాస్‌పోర్టు కౌంటర్ దాకా పోవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అంటే పల్లెటూరి అమ్మాయికి ఇంటి గడప నుంచి ఆఫీసు గుమ్మం దాకా దారి ఖర్చు సున్నా కావచ్చు. అదే ఆఫీసు బస్సు పోని సందులో ఉంటే, ఆ ఉచిత ప్రయాణం ఆఖరి రెండు కిలోమీటర్ల ఆటోకి వంద, నూట యాభై సమర్పించుకుంటుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఈ లెక్క ఎవరైనా వేశారో, అదే కలిసొచ్చిందో గానీ, మంచి జరిగింది.

అన్నీ మంచివే అని కూడా చెప్పను. ఈ కేంద్రం తెరిచిన నెలలోనే, సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. ప్రయాణికులు రాత్రంతా అవస్థ పడ్డారు. మెట్రో స్టేషన్ ఎత్తు మీద ఉంది, నిజమే. కానీ కిందికి రావాల్సిన బస్సులు రాకపోతే పై అంతస్తు పొడిగా ఉండి ఏం చేసుకోను? 1908 సెప్టెంబరు వరద కథలు వింటూ పెరిగిన నగరం మనది. నది మధ్య బస్‌స్టేషన్ కట్టుకున్నాం, దాని పక్కన పాస్‌పోర్టు ఆఫీసు పెట్టుకున్నాం. వానాకాలంలో స్లాట్లు పోయినవాళ్ళకి జుర్మానా లేకుండా ఇంకో తేదీ ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఈ చోటు మీద నాకు వేరే అభ్యంతరం లేదు.

మెట్రో స్టేషన్లో ఇలాంటి ఆఫీసు పెట్టడం నగరానికి కొత్త కాదు. అమెరికా వీసాకి వేలిముద్రలు ఇచ్చే కేంద్రం 2023 జనవరి నుంచి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో నడుస్తోంది. పరాయి దేశం వాళ్ళకి ముందు తట్టింది, మనకి రెండున్నర ఏళ్ళ తర్వాత తట్టింది. పోనీలెండి, తట్టింది కదా.

ఇక మెట్ల సంగతి. కింది అంతస్తులో ఆఫీసు, చిన్న ర్యాంపు కూడా ఉంది అంటారు కదా. ర్యాంపు ఉంటే చాలదు. మన మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే గుమ్మం నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే ర్యాంపు పొడవు ముప్పై అడుగులు రావాలి. ముప్పై అడుగులంటే రెండు కార్లు వరసగా నిలబెట్టుకునే చోటు దాదాపు సరిపోతుంది. రోడ్డు మీదికి కట్టిన కమర్షియల్ కాంప్లెక్సుల్లో ఆ చోటు ఎక్కడిది? అందుకని ఏం చేస్తారంటే, ఆరేడు అడుగుల్లోనే ఆ ఎత్తంతా ఎక్కేలా సిమెంటు పోసి, పక్కన వీల్‌చెయిర్ బొమ్మ వేస్తారు. దాని మీద వీల్‌చెయిర్ తోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దిగేటప్పుడు ముగ్గురు. బయట వాచ్‌మన్‌లు, జిరాక్స్ షాపు కుర్రాళ్ళు పట్టుకుంటారు, మంచివాళ్ళే పాపం. కానీ తన పాస్‌పోర్టు కోసం వచ్చిన మనిషిని గంపలా మోసుకెళ్ళే పరిస్థితి ఉంటే, ఆ బిల్డింగు అద్దెకి తీసుకున్నవాడు సంతకం పెట్టకముందు టేపు పట్టి కొలవలేదన్నమాట.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సేవలు అందే భవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలంది, దానికి గడువు కూడా పెట్టింది. ఆ గడువు దాటిపోయింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైంది. అప్పటిదాకా ఉన్న నిబంధన ఉత్త సలహా లాగా ఉందనీ, తప్పకుండా పాటించాల్సిన కనీస ప్రమాణాలు మూడు నెలల్లో రాయాలనీ కోర్టు అంది. ఆ తీర్పుకి ఆధారంగా కోర్టు ముందు పెట్టుకున్న నివేదిక మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారు చేసినదే. అంటే ఈ పాఠం దేశానికి చెప్పింది మన ఊరే. దాన్ని మనం మొదట అమలు చేసి చూపిస్తే బాగుంటుంది.

తార్నాక పెద్దావిడ దగ్గరికి వద్దాం. ఆవిడకి వీల్‌చెయిర్ అక్కర్లేదు. ఒక మెట్టు ఎక్కితే పది నిమిషాలు ఆయాసం తీర్చుకోవాలి, అంతే. తార్నాక చౌరస్తాలో చాలా ఏళ్ళు సిగ్నల్ తీసేసి యూ-టర్నులు పెట్టారు. 2025లో మళ్ళీ సిగ్నల్ తెరిచారు. ఆ ఏళ్ళలో కార్లవాళ్ళు చుట్టు తిరిగారని విసుక్కున్నారు. నడిచి దాటాల్సినవాళ్ళకి ఆగే బండే కనబడలేదు. దాని గురించి ఎవరు విసుక్కున్నా వినబడదు. ఆఫీసు ఎదురుగా రోడ్డు దాటే వీలు లేకపోతే, ఆ ఆఫీసు మా ఇంటి ఎదురుగా ఉన్నా ఆవిడకి క్యాబ్ మాట్లాడాల్సిందే.

సరే, క్యాంపస్‌లోనే ఒక కేంద్రం పెడితే? ఇది నా సొంత ఊహ కాదు, అమెరికాలో ఉన్న పద్ధతే. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో, టూసాన్‌లోని ఆరిజోనా యూనివర్సిటీలో పాస్‌పోర్టు దరఖాస్తులు తీసుకునే కౌంటర్లున్నాయి. విద్యార్థులే కాదు, ఊళ్ళోవాళ్ళూ వెళ్ళొచ్చు. పోస్టాఫీసులు, కొన్ని పబ్లిక్ లైబ్రరీలు, కోర్టు గుమాస్తాల ఆఫీసులు కూడా అక్కడ దరఖాస్తు తీసుకుంటాయి. అయితే అమెరికా పాస్‌పోర్టుకి వేలిముద్రలు అడగరు. అందుకే అంత తేలిగ్గా ఎక్కడైనా కౌంటర్ పెట్టేయగలిగారు. మనకి యంత్రాలు కావాలి, నిర్ణయం తీసుకునే అధికారి కావాలి, లైను కావాలి. కష్టమే గానీ, పోస్టాఫీసుల్లో 450 చోట్ల చేసిన పనే కదా.

ఉస్మానియాకి ఇందులో ఒక హక్కు కూడా ఉందంటాను. 1917లో నిజాం ఫర్మానాతో పుట్టి, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకున్నాక అడిక్‌మెట్ నేలలో స్థిరపడిన యూనివర్సిటీ. వెయ్యి ఎకరాలకి పైగా చోటుంది. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసు ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. వెళ్ళిపోయే పిల్లలకి ట్రాన్స్‌క్రిప్టులు, డిగ్రీ పట్టాలు ఇచ్చే ఎగ్జామినేషన్ బ్రాంచ్ ఉంది. పిల్ల ఎలాగూ అక్కడికొచ్చి లైన్లో నిలబడుతుంది. ఆ పక్కనే పాస్‌పోర్టు లైను కూడా ఉంటే ఒక రోజు మిగుల్తుంది.

అయినా నేను క్యాంపస్ లోపల పెట్టమని అనను. ఎందుకంటే ఉస్మానియా ఉత్త చదువుల చోటే కాదు. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమానికి అది గుండెకాయ. గేట్లకి తాళాలు, ఎన్‌సీసీ గేటు దగ్గర బారికేడ్లు, పోలీసు వ్యాన్లు, బంద్‌లు... ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి అన్నీ తెలుసు. పిల్లలు ధర్నా చెయ్యడం వాళ్ళ హక్కు. కానీ ఆ రోజే స్లాటున్న ఉప్పల్ తాపీమేస్త్రీ లోపలికి ఎలా పోవాలి? పైగా ప్రభుత్వ ఆఫీసు ఒకటి క్యాంపస్‌లో ఉంటే, దాన్ని సాకుగా చూపి పోలీసులు అక్కడే మకాం వేస్తారు. రెండూ వద్దు.

నా ఓటు గేటు బయటకి. ఉస్మానియా యూనివర్సిటీ పేరుతో ఒక పోస్టాఫీసు ఉంది, పిన్‌కోడు 500007. దాని కిందనో, తార్నాక మెట్రో స్టేషన్ కింది అంతస్తులోనో ఒక చిన్న పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం పెట్టొచ్చు. మెట్రో స్టేషన్ అయితే లిఫ్టు కొత్తగా కట్టే పని లేదు. ఉప్పల్, నాగోల్ నుంచి వచ్చేవాళ్ళకి ఒకే రైలు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ప్రధాన కార్యాలయం ఒకప్పుడు ఇక్కడి డిస్ట్రిక్ట్ కమర్షియల్ కాంప్లెక్సులోనే ఉండేది, తర్వాత అమీర్‌పేట స్వర్ణజయంతి కాంప్లెక్సుకి పోయింది. అంటే నగరమంతా వచ్చి పోయే ఆఫీసుని తార్నాక మోసింది, మోయగలదు. పాస్‌పోర్టు కేంద్రం అమీర్‌పేట నుంచి కదిలిన కాలంలో, మాకు రావాల్సిన ఆఫీసులు అమీర్‌పేటకి పోతాయేమిటో అని మా కాలనీలో ఒక పెద్దాయన చమత్కరించారు.

రోజుకి పెద్ద కేంద్రాలు చూసేన్ని దరఖాస్తులు ఇక్కడ చూడక్కర్లేదు. నాలుగో వంతు చూసినా మిగతా మూడిటి మీద ఒత్తిడి తగ్గుతుంది. కోవిడ్ తర్వాత, 2022లో, జనం ఒక్కసారిగా ఎగబడితే హైదరాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు శనివారాలు కూడా కౌంటర్లు తెరిచింది. అప్పట్లో నగరంలో స్లాటు దొరక్క నిజామాబాద్‌లోనో కరీంనగర్‌లోనో బుక్ చేసుకుని కార్లేసుకుని పోయినవాళ్ళున్నారు. కారున్నవాడికి అది ఒక విహారయాత్ర. కానీ అక్కడ వాడు తీసుకున్న స్లాటు ఆర్మూరు నుంచో జగిత్యాల నుంచో దుబాయికి పోవాల్సిన కుర్రాడిది.  నగరంలో చోటు చాలకపోతే నష్టం నగరంలో ఆగదు, జిల్లా దాకా పోతుంది.

ఇవన్నీ అయ్యేనా, ఎప్పుడయ్యేనా అన్నది ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఇక్కడ తపాలా శాఖ, మెట్రో వాళ్ళు కలిసి తేల్చాలి. పోస్టాఫీసు కేంద్రాలు లోక్‌సభ నియోజకవర్గానికి ఒకటి చొప్పున ఇవ్వాలన్న ఆలోచన ఉంది కాబట్టి, ఎంపీల చెవిన వేయడం పనికొస్తుంది. వేసేటప్పుడు ఊరికే ఆఫీసు కావాలని అనకండి. ఏ బస్సు నంబర్లు ఆగుతాయి, లిఫ్టు ఎక్కడ, రోడ్డు దాటే వీలు ఎక్కడ, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చోటు చూపించి అడిగిన అర్జీకి కదలిక త్వరగా వస్తుంది.

ఈలోగా పాస్‌పోర్టు పనున్న తూర్పు హైదరాబాద్ వాళ్ళకి రెండు మాటలు. ఎంజీబీఎస్ కేంద్రానికి వెళ్ళేవాళ్ళు పరేడ్ గ్రౌండ్స్‌లో మారండి. అమీర్‌పేట దాకా పోయి మారమని కొందరు చెప్తారు, అలాగైనా చేరతారు గానీ చుట్టు. అపాయింట్‌మెంట్ కాగితం మీద కేంద్రం పేరూ అడ్రసూ బయల్దేరే ముందు ఇంకోసారి చదువుకోండి. అమీర్‌పేట, టోలిచౌకి పాత అడ్రసులు ఇంకా చాలామంది నోట ఉన్నాయి, ఆటోవాళ్ళ నోట మరీనూ. ఫొటోలు పట్టుకెళ్ళక్కర్లేదు, లోపలే తీస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం మర్చిపోకండి. హాస్టల్ పిల్లలు ప్రిన్సిపాల్ దగ్గర బోనఫైడ్ ముందే తీసుకుని పెట్టుకోండి, పోలీసు ఎంక్వయిరీ వచ్చినప్పుడు రూమ్‌మేట్‌కి కూడా మీ పేరు ఇంటిపేరుతో సహా తెలిసుండేలా చూసుకోండి.